ఆల్కహాలుకు కాటుక పెట్టిన బిక్షపతి

చిల్కానగర్‌లో బిక్షపతి మాట నమ్మి బాగుపడినవాడు లేడు. అలాగని నమ్మకుండా ఉండగలిగినవాడూ లేడు. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున పోలీసులు రోడ్డు మూస్తారు, ఆధార్ కార్డు దగ్గర ఉంటే మంచిదని చెప్పి, కొత్తగా అద్దెకు దిగిన ఒక బ్యాంకు ఉద్యోగి చేత సాయంత్రం దాకా కార్డు చేతిలో పట్టించి తిప్పాడు. ఆయన కోపంగా వచ్చి నిలదీస్తే, "పోలీసోళ్ళు రోడ్డు బంద్ వెట్టిన మాట నిజమా, కాదా?" అని ఎదురు అడిగాడు. అదీ అతని పద్ధతి. పచ్చి అబద్ధమాడటం అతనికి నామోషీ. నిజాన్ని నడిమికి కోసి, ఒక ముక్క ఎదుటివాడి చేతిలో పెట్టి, రెండో ముక్క తన జేబులో వేసుకుంటాడు. ఎదుటివాడు ఆ ముక్కతో ఎటు పోతాడో చూడటం అతనికి సినిమాకు మించిన కాలక్షేపం.

సొంతూరు జనగామ అవతల. మీసం రాని వయసులో నాచారం వచ్చి దారం మిల్లులో చేరాడు. దూది దుమ్ము గొంతు దిగాలంటే మందు పడాలని మిల్లు పెద్దలు నేర్పారు. పాఠం బాగా వంటబట్టింది. తాగితే మాత్రం అతని చమత్కారమంతా చచ్చి, చేతికందిన గ్లాసల్లా నేలకు తగిలి ముక్కలయ్యేది. అందుకే అతని భార్య శారదమ్మకు పండుగలన్నీ ఒకెత్తు, అయ్యప్ప మాల ఒకెత్తు. అందరూ దసరాకు చీర కొనుక్కుంటే ఆమె కార్తీకంలో కొనుక్కునేది. మండలం రోజులు మందు లేదు, కేక లేదు, నేల మీద పడక, పొద్దున్నే చన్నీళ్ళ స్నానం. మొగుడు 'మాతా' అని పిలుస్తుంటే మురిసిపోయే ఆడవాళ్ళు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నారంటే, అది మన తెలంగాణలో, ఆ నెలన్నరలోనే.

శబరిమల నుంచి దిగి, మాల తీసి, గల్లీకి ప్రసాదం పంచిన సాయంత్రమే బిక్షపతి వైన్ షాపుకు బయలుదేరేవాడు. అతను చెప్పులు వెతుక్కునే లోపల శారదమ్మ గాజు గ్లాసులు సజ్జ మీదికి ఎక్కించేది. మూడేళ్ళ కింద ఒకసారి, గడప దాటుతూ ఎందుకో వెనక్కి తిరిగాడు. కుర్చీ ఎక్కి, చప్పుడు కాకుండా, ఒక్కొక్క గ్లాసునూ పాత టవల్లో చుట్టి దాస్తున్న భార్య కనిపించింది. బయటికి పోయి పాల ప్యాకెట్ తెచ్చి చాయ్ పెట్టమన్నాడు. ఆ రోజు నుంచి ముట్టలేదు. అయ్యప్ప మహిమ అన్నాడు మాల వేసే గురుస్వామి. షుగరొచ్చి ఉంటది అన్నది గల్లీ. బిక్షపతి ఇద్దరికీ అవునన్నాడు.

శారదమ్మ మాత్రం మాల తీసే రోజున గ్లాసులు సజ్జ ఎక్కించటం మానలేదు. అదే అతని గుండెలో ముల్లు. తాగటం మానటం ఒక పని, మానాడని ఇంటిది నమ్మటం ఇంకో పని. రెండోది అతని చేతిలో లేదు. ఈ ఏడు పద్దెనిమిదో మాల. పద్దెనిమిదో ఏట కొబ్బరి మొక్క భుజాన పెట్టుకుని కొండెక్కి వచ్చినవాడు గురుస్వామి అవుతాడు. గురుస్వామి పెండ్లాం గ్లాసులు దాచుకుంటుందా? దాచుకోదు. ఇదీ బిక్షపతి లెక్క. అందుకే ఈసారి మాల అతనికి దేవుడితో ఎంత పనో, శారదమ్మతో అంతకు రెండింతలు.

ఇంతలో దారం మిల్లు మూతపడింది. నాచారంలోనే ఒక సాల్వెంట్ రికవరీ కంపెనీలో పని దొరికింది. మందుబిళ్ళల ఫ్యాక్టరీలు వాడి పారేసిన ద్రవాలు డ్రమ్ముల్లో వస్తాయి. వాటిని ఆవిరితో కాచి, పైకి లేచిన దాన్ని చల్లార్చి, శుభ్రంగా బొట్టుబొట్టుగా మళ్ళీ పట్టుకోవటం అక్కడి పని. కొన్ని తాగితే దవాఖానాకు తీసుకుపోయేవి, కొన్ని తిన్నగా కాటికే తీసుకుపోయేవి. అప్పుడప్పుడు మాత్రం నిఖార్సైన తాగే రకమే లోడుకు లోడు దిగుతుంది. అందుకే మేనేజరు చదువు అడగలేదు, వయసు అడగలేదు, "తాగుతవా?" అని ఒక్కటే అడిగాడు. "తాగేటోణ్ణి" అన్నాడు బిక్షపతి. ఆ జవాబు నచ్చి పెట్టుకున్నాడు.

మాల వేసుకునే రోజు వచ్చింది. గల్లీ చివరి గుడి హాల్లో గురుస్వామి దయాకర్ ఒక్కొక్కరి మెడలో మాలలు వేస్తున్నాడు. దయాకర్‌కు టెంట్ హౌస్ ఉంది. పెళ్ళయినా, చావయినా కుర్చీలు అతనివే. చిల్కానగర్ ఆ కొసన ఇన్నేళ్ళుగా అతనొక్కడే గురుస్వామి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని ప్రత్యేకం ఎవరూ నేర్పక్కర్లేదు.

బిక్షపతి వంతు రాగానే దయాకర్ తన చేతిలోని మాల పళ్ళెంలో పెట్టేశాడు.

"నీకు ఈసారి మాల ఎయ్య."

"ఎందుకు గురుస్వామి?"

"పొద్దంత సారల మునిగి, పొద్దుమీకి అయ్యప్ప ముందర నిలబడ్తవా? మొన్న మీ కంపెనీకెల్లి ఖాళీ డ్రమ్ములు కొనుక్కొచ్చిన. ఆల్కహాల్ అని ఇంతింత అక్షరాలతోని రాసున్నది."

"ఆ డ్రమ్ముల నీళ్ళతోనే గదా స్వామి, మొన్న అన్నదానంల అందరం చేతులు గడుక్కున్నది?"

హాలంతా నవ్వింది. దయాకర్ ముఖం కందగడ్డ అయింది. "పసుపు నీళ్ళతోని కడిగిపిచ్చిన!" అన్నాడు.

"నేను గూడ దినాం సబ్బుతోని కడుక్కుంటున్న. సాలదంటె పసుపు రాసుకుంట."

నవ్విన నోళ్ళే మాల దక్కకుండా చేశాయి. నలుగురిలో నవ్వులపాలైన దయాకర్ తాడు తెగేదాకా లాగాడు. "అది సారా కాదని సదువుకున్న పెద్దమనిషి ఎవలన్న చెప్తె ఏస్త. లేకుంటె ఏరే గురుస్వామిని సూస్కో" అన్నాడు. కీసర పోతే మాల వేసే గురుస్వాములు బోలెడుమంది. కానీ సొంత గల్లీ వద్దన్న మాలను పక్క ఊళ్ళో వేసుకొస్తే శారదమ్మ కళ్ళకు అది మాలలా ఉంటుందా, దొంగసొత్తులా ఉంటుందా?

చదువుకున్న పెద్దమనిషి అంటే విశ్వనాథం. హబ్సిగూడ వైపు సర్కారు ప్రయోగశాలలో రసాయనశాస్త్రం చేసి రిటైరైన రాజమండ్రి మనిషి. మంచివాడు, ఒక్క వ్యసనం తప్ప. ఏ మాట వినబడినా అది ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వచ్చిందో చెప్పనిదే ఆయనకు అన్నం సహించదు. "ఈ మాట ఉందే..." అని ఆయన మొదలుపెట్టగానే భార్య సంచీ తీసుకుని కూరగాయలకు పోతుంది. ఫ్రిజ్ నిండా కూరగాయలే.

బిక్షపతి వెళ్ళి సంగతి చెప్పాడు. "మా డ్రమ్ములల్ల ఉన్నది ఆల్కహాల్ గాదని ఒక్క మాట చెప్పున్రి సార్."

"అదెలా చెబుతానయ్యా? ఆల్కహాలేగా!" అన్నాడు విశ్వనాథం. బిక్షపతి ముఖం వాడిపోవటం చూసి, ఓదార్పుగా తన దగ్గర ఉన్న ఒక్కటే మిఠాయి తీశాడు. "కానీ ఈ మాట ఉందే, ఇది పుట్టినప్పుడు దీనికీ మందుకూ చుట్టరికమే లేదు, తెలుసా?"

బిక్షపతి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. విశ్వనాథం జన్మలో చూడని దృశ్యం అది.

"అరబ్బీ మాట. అల్ కుహ్ల్. 'అల్' అంటే ఊరికే ముందు తగిలించేది. కుహ్ల్ అంటే కళ్ళకు పెట్టుకునే సుర్మా. నల్లటి అంజనం రాయిని నూరి నూరి, వేళ్ళ మధ్య రాస్తే తగలనంత మెత్తగా చేసేవాళ్ళు. ఆ మాట ఐరోపాకు పోయింది. అక్కడి వైద్యులు అంత మెత్తటి పొడి ఏదైనా సరే ఆల్కహాలే అన్నారు."

"సుర్మా అంటె కాటుకనే గద సార్!" బిక్షపతి లేచి నిలబడ్డాడు. "మా ఇంటామె కాటుక పడ్తది. కింద ఆముదం దీపం, మీద ఇత్తడి పళ్ళెం. పొగ మీదికి లేసి పళ్ళానికి పడ్తది. మా కంపెనీల గూడ గంతే. కింద మంట, మీదికి ఆవిరి, ఆడ సల్లగయి దిగుతది. పేరు మంచిగనే వెట్టిన్రు!"

"కూర్చో, ఇంకా సగం ఉంది. కాలం గడిచే కొద్దీ పొడి అనే అర్థం పోయి, దేన్నయినా శుద్ధి చేస్తే మిగిలే సారానికి ఆ పేరు వచ్చింది. ద్రాక్షసారాను బట్టీ పెట్టి తీసిన దాన్ని 'ద్రాక్షసారా ఆల్కహాలు' అన్నారు. వాడగా వాడగా ముందు మాట ఊడిపోయి వెనక మాట మిగిలింది. ఆ తర్వాత మా కెమిస్టులు ఆ జాతి ద్రవాలన్నిటికీ ఇంటిపేరులా తగిలించారు. కాబట్టి పేరుకే కాటుక. వస్తువు వస్తువే. కంటికి చలవచేసే దాని పేరు పెట్టుకుని, ఇందులో ఒక రకం లోపలికి పోతే ఉన్న కళ్ళు తీసేస్తుంది. అర్థమైందా?"

అర్థమైంది. మొదటి సగం చేతిలో పట్టుకుని, రెండో సగం జేబులో వేసుకుని బిక్షపతి మెట్లు దిగాడు.

మర్నాడు సాయంత్రం భజన అయ్యాక హాల్లో నిలబడి, "ఆల్కహాల్ అంటె అరబ్బీల సుర్మా. సుర్మా అంటె కాటుక. విశ్వనాథం సార్‌ను అడుగుర్రి, ఔనంటడు" అన్నాడు. ఒకరిద్దరు అక్కడికక్కడే ఫోన్ చేసి అడిగారు. ఔనన్నాడు పాపం. "అయితే..." అని ఆయన ఏదో చెప్పబోతుంటే, ఆ 'అయితే' తెలిసినవాళ్ళు గనక ఫోన్ పెట్టేశారు.

దయాకర్ గడ్డం గీరుకున్నాడు. టెంట్ హౌస్ నడిపినవాడు ఊరికే ఓడిపోడు. "గట్లనా? ఆల్కహాలే కాటుక అయితె, కాటుక గూడ ఆల్కహాలే. మంచి మాట చెప్పినవ్ బిక్షపతీ. రేపటి సంది మాల ఉన్న ఇంట్ల కాటుక బంద్!" అని తీర్పిచ్చాడు. బిక్షపతి మాల మాత్రం పళ్ళెంలోనే ఉండిపోయింది.

ఈ మలుపు బిక్షపతి కలలో కూడా ఊహించలేదు. రెండు రోజులు మాత్రం కడుపుబ్బ నవ్వుకున్నాడు. కళ్ళకు కాటుక లేనిదే వాకిట్లోకి రాని దయాకర్ భార్య బోసి కళ్ళతో చెత్తబండికి ఎదురుపడాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం దయాకర్ ఇంట్లో స్వాములకు పెట్టిన భిక్షలో ఉప్పు లేదు. మరునాడు ఉప్పు ఉంది గానీ పప్పు లేదు. అందగత్తెలని పేరుపడ్డ కోడళ్ళందరూ జ్వరం పడి లేచినట్టు కనిపించారు. ఆడవాళ్ళంతా దయాకర్‌ను తిడుతుంటే బిక్షపతి గోడ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ విన్నాడు.

మూడో రోజు శారదమ్మ కాటుక డబ్బీ పట్టుకుని ఎదురింటికి పోయింది. ఆ గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి కాటుక ఆమె చేతిదే. పిల్లలు లేని ఆమెకు అదొక హక్కు, అదొక గౌరవం. ఎదురింటి మానస బిడ్డకు బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టిందో లేదో, మానస అత్త మల్లవ్వ కొంగుతో తుడిచేసింది. "ఏమనుకోకు శారదా. మా ఇంట్ల మాల ఉన్నది. ఇది సారా జాతంట గద" అన్నది. మల్లవ్వ తిట్టలేదు, మెల్లగానే అన్నది. తుడిచిన మరక బుగ్గంతా పాకి బిడ్డ ఏడ్చింది.

శారదమ్మ ఇంటికి వచ్చి డబ్బీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమయ్యా, నా కాటుకను సారా జేసింది నువ్వేనా?"

బిక్షపతి నోట్లో అప్పటికే ఒక చమత్కారం తయారుగా ఉంది. ఆమె ముఖం చూశాక అది నాలుక దాటలేదు.

"నీ మందుతోని మస్తు ఏండ్లు బతికిన. ఎన్నడన్న ఎవలకన్న చెప్పుకున్ననా? నాకంటూ గీ డబ్బీ ఒక్కటి సక్కగ ఉండె. దీనికి గూడ అంటిచ్చినవా?"

అతనికి ఏడుపొచ్చింది. సిగ్గూ వచ్చింది. మాల కావాలనుకున్నది ఈమె నమ్మాలనే కదా, ఈమె పరువే తీసి ఆ మాల కొనబోయాను కదా అని తనను తాను తిట్టుకున్నాడు. తన మాటతో ఎవరెవరినో పిచ్చివాళ్ళను చేశాడు గానీ, ఆ మాట తిరిగి తిరిగి సొంత వంటింట్లోకి రావటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే విశ్వనాథాన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని భజనకు తీసుకొచ్చాడు. ఆడవాళ్ళు ఒకవైపు, స్వాములు ఒకవైపు. శారదమ్మ గోడ పక్కన కూర్చుంది.

"గురుస్వామి, నేను మొన్న సగమే చెప్పిన. సగం కావాలనే దాచిన. మిగిలింది సార్ చెప్తరు, జర ఇనుర్రి" అన్నాడు బిక్షపతి.

విశ్వనాథం గొంతు సవరించుకున్నాడు. ఇంతమంది, పైగా కదలకుండా! మనిషి ఒక అడుగు ఎత్తు పెరిగాడు. సుర్మా రాయి దగ్గర మొదలుపెట్టి డ్రమ్ము మీది అక్షరాల దాకా వచ్చాడు. పేరు చేతులు మారింది గానీ, కాటుకలో మందు చుక్క ఎన్నడూ లేదని, ఆముదం మసికీ ఆల్కహాలుకూ ఏ సంబంధమూ లేదని ఖరాఖండిగా చెప్పాడు. "అలాగే క్షారాన్ని ఆల్కలీ అంటామే, ఈ మాట ఉందే..." అని రెండోది ఎత్తుకుంటుంటే పక్కనున్న స్వామి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి కూర్చోబెట్టాడు.

"ఇన్నరు గద" అన్నాడు బిక్షపతి. "మా శారద కాటుక కాటుకనే. ఇగ నా కంపెనీల ఉన్నది... ఆల్కహాలే. పేరు సుర్మా అయితేంది, ఇంకోటయితేంది. ఇన్నేండ్లు తాగినోణ్ణి, నాకు వాసన తెల్వదా? తాగే రకం లోడు వచ్చిన దినం ఆడ నిలబడితె నోట్ల నీళ్ళూర్తయి. నిజం చెప్తున్న. అయినా ముట్టలే. నాకు గురుస్వామిగిరి మీద ఆశ లేదు, అది నువ్వే ఉంచుకో. మాల ఎయ్యనంటె గూడ ఏమనుకోను. కాటుక మీది మాట మాత్రం వాపస్ తీస్కో."

ఈ మనిషి నోటి నుంచి మొత్తం నిజం ఒకేసారి రావటం ఆ గల్లీ ఎన్నడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు. దయాకర్ ఇబ్బందిగా కదిలాడు.

"కాటుక మాట వాపస్ తీస్కున్న" అన్నాడు. "కాని సారా అని నువ్వే ఒప్పుకుంటివి. మరి మాల ఎట్లెయ్యాలె?"

"ఎయ్యకు స్వామి."

అందరూ గోడవైపు తిరిగారు. శారదమ్మ లేచి నిలబడింది. నలుగురిలో ఆమె గొంతెత్తటం అదే మొదలు.

"మాల ఉన్నన్ని దినాలే నా బతుకు అనుకున్న స్వామి. మాల తీసే దినం వస్తుందంటె కడుపుల దడ. మూడేండ్ల సంది తాగకున్నా ఆ దడ పోలే. ఎందుకు పోలేదో నాకు ఇయ్యాల తెల్సింది. మాల మహిమనే ఆపుతున్నదనుకున్న, ఈన ఆగుతున్నడని అనుకోలే. నోట్ల నీళ్ళూరినా ముట్టలేదని ఇప్పుడు నలుగుట్ల చెప్పిండు. ఆ కంపెనీల ఈన మెడల ఏ మాల ఉన్నది? ఎవలున్నరు సూస్తందుకు?"

బిక్షపతి ఆమెవైపు చూడలేక నేల చూపులు చూశాడు.

ఆడవాళ్ళ వరసలోంచి దయాకర్ భార్య, "ఏస్తవా, రేపటి సంది భిక్ష నువ్వే వండుకుంటవా?" అన్నది. నవ్వు దాచుకోవటానికి స్వాములు కండువాలు సర్దుకున్నారు.

దయాకర్ చెడ్డవాడు కాడు. కుర్చీ మీద మోజున్నవాడు, అంతే. ఆ మోజుకు పోటీ లేదని తేలాక అతనికి కోపం నిలుపుకోవటం కష్టమైంది. పళ్ళెంలో మిగిలిపోయిన మాల తీసి కళ్ళకద్దుకున్నాడు. ఇటు బిక్షపతిని, అటు శారదమ్మను చూశాడు. ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట ఆమెను అడిగాడు.

"ఏమంటవ్ మాతా? ఎయ్యమంటవా?"

"ఏస్తె ఎయ్యి, లేకుంటె లేదు" అన్నది శారదమ్మ. "ఉన్నా లేకున్నా ఆయన ఇంటికి మంచిగనే వస్తడు. నాకు తెల్సు."

బిక్షపతి తల వంచాడు. మాల మెడలో పడింది. హాలంతా శరణుఘోష చెప్పింది. అందరికంటే పెద్ద గొంతు అతనిదే, పదిహేడేళ్ళుగా. ఈసారి మాత్రం శరణం మరిచి శారదమ్మ వైపే చూస్తుండిపోయాడు. ఆమె అన్న మాటే చెవుల్లో ఉంది. పక్కనున్న స్వాములు అతని వంతు కూడా చెప్పేశారు.